తలనొప్పి అని చెప్పిన పిల్లను మొదటి మాటకే నమ్మండి

రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, హాస్టల్ వార్డెన్లకు, ఫ్లోర్ ఇన్‌చార్జిలకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను పల్నాడు జిల్లాలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ టీచర్ని. పద్నాలుగో ఏట నుంచి నాకు మైగ్రేన్ ఉంది. మా అమ్మకు ఉండేది, ఇప్పుడు మా అమ్మాయికీ ఉంది. అది రెండేళ్లు విజయవాడ దగ్గర ఒక హాస్టల్లో ఉండి బైపీసీ చదివి మొన్ననే ఇంటికొచ్చింది. మా పని అయిపోయింది కదా, ఇక ఎందుకు అనుకుని ఊరుకోవచ్చు. కానీ జూన్ వస్తే మళ్లీ మీ గేట్ల ముందు ట్రంకు పెట్టెలు, బకెట్లు, పరుపులు దింపుకుని తల్లిదండ్రులు బారులు తీరతారు. వాళ్ల పిల్లల్లో కొందరికి ఈ జబ్బు ఇప్పటికే ఉంటుంది. ఇంకొందరికి మీ దగ్గరే మొదటిసారి బయటపడుతుంది. వాళ్ల కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అమ్మాయి ఫస్టియర్‌లో ఉండగా జరిగింది ముందు చెబుతాను. సెప్టెంబరులో ఒక వీకెండ్ టెస్ట్ రోజు. పొద్దున అయిదున్నరకు స్టడీ అవర్ మొదలైంది. ఆరు గంటల ప్రాంతంలో పుస్తకంలో అక్షరాల మధ్య ఒక చిన్న ఖాళీ కనిపించిందట. చూస్తుండగానే ఆ ఖాళీ అంచుల్లో మెరుస్తూ వంకరటింకర గీతలు పుట్టి, పెరుగుతూ పక్కకు జరిగాయట. దానికి అంతకుముందు రెండుసార్లు అలాగే అయింది కాబట్టి, ఇంకో అరగంటలో నొప్పి మొదలవుతుందని తెలుసు. లేచి వెళ్లి ఇన్‌చార్జికి చెప్పింది. "టెస్ట్ రోజే వస్తుందేం నీకు తలనొప్పి? కూర్చుని చదువుకో" అన్నారు. నేను కొనిచ్చిన మాత్రలు హాస్టల్ రూల్ ప్రకారం వార్డెన్ గదిలో, బీరువాలో ఉన్నాయి. వార్డెన్ మేడమ్ వచ్చేది తొమ్మిదింటికి. ఎనిమిదింటికి పిల్ల బాత్‌రూమ్‌లో వాంతి చేసుకుంది. తొమ్మింబావుకు మాత్ర చేతికొచ్చింది. మింగిన పది నిమిషాలకు అదీ వాంతిలో పోయింది. ఆ తర్వాత రెండు రోజులు మంచం మీదే ఉంది. పక్క మంచాల పిల్లలు చదువుకోవాలి కాబట్టి ట్యూబ్‌లైట్లు ఆపలేదు. నాకు ఫోన్ వచ్చి నేను వెళ్లేసరికి చున్నీ కళ్లకు గట్టిగా కట్టుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తలమీద చెయ్యి వేస్తే "అమ్మా, జుట్టు ముట్టుకోవద్దు" అంది.

ఆ ఇన్‌చార్జి మీద నాకు కోపం లేదు. ఆ రోజు వచ్చింది, కాదనను. తర్వాత ఆలోచిస్తే, ఒక్కరే ఒక అంతస్తు నిండా ఉన్న పిల్లల్ని చూసుకుంటున్నారు. వాళ్లలో రోజూ ఎవరో ఒకరు కడుపునొప్పనో తలనొప్పనో అంటారు. ఏది నిజమో ఎలా పోల్చుకోవాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్లలో నేనూ ఒకదాన్ని. చేర్చేటప్పుడు మాత్రల పొట్లం ఇచ్చి, "అప్పుడప్పుడు తలనొప్పి వస్తుందండీ" అని ఒక్క ముక్క చెప్పి వచ్చేశాను. అప్పుడు చెప్పనిదంతా ఇప్పుడు రాస్తున్నాను.

మన ఇళ్లలో దీనికి పేర్లు చాలా ఉన్నాయి. పార్శ్వపు నొప్పి అంటాం, ఒంటి కణత నొప్పి అంటాం. పొద్దు పైకెక్కే కొద్దీ పెరిగి, పొద్దు వాలితే తగ్గేదాన్ని మా నాయనమ్మ సూర్యావర్తం అనేది. ఆయుర్వేదంలో సగం తలను పొడిచే నొప్పికి అర్ధావభేదకం అని పేరు. గ్రీకు వైద్యుడు గాలెన్ కూడా సగం తల అనే అర్థంలోనే హెమిక్రేనియా అన్నాడు. ఆ మాటే ఫ్రెంచివాళ్ల నోట నలిగి మైగ్రేన్ అయింది. ఇన్ని దేశాల వాళ్లూ సగం తల దగ్గరే ఆగిపోవడంతో మనకొక పొరపాటు అలవాటైంది: రెండు పక్కలా నొప్పి అంటే అది మైగ్రేన్ కాదనుకుంటాం. పిల్లల్లో, పదిహేను పదహారేళ్ల వాళ్లలో అది చాలాసార్లు నుదురంతా, రెండు కణతల్లోనూ వస్తుంది. పెద్దవాళ్లకు 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటే, పిల్లలకు 2 గంటల్లో కూడా ముగిసిపోవచ్చు. అందుకే పొద్దున ఏడ్చిన పిల్ల మధ్యాహ్నం మెస్‌లో నవ్వుతూ కనిపిస్తే "చూశారా, నాటకం" అనకండి. ఆ జబ్బు తీరే అంత.

మామూలు తలనొప్పికీ దీనికీ తేడా పట్టుకోవడం అంత కష్టమేమీ కాదు. మైగ్రేన్ నాడి కొట్టుకున్నట్టు టకటకమని పోటు పెడుతుంది. మెట్లెక్కినా వంగినా ఎక్కువవుతుంది. కడుపులో తిప్పుతుంది, వాంతి అవుతుంది. వెలుతురు, చప్పుడు రెండూ భరించలేరు. టెన్షన్ వల్ల వచ్చే తలనొప్పి ఉన్న పిల్ల విసుక్కుంటూనైనా ఏదో ఒకటి చేసుకుంటుంది. మైగ్రేన్ ఉన్న పిల్ల కదలకుండా చీకటి మూల వెతుక్కుంటుంది. నేను క్లాసులో పిల్లల్ని అలాగే గుర్తుపడతాను. ఎండ పడే కిటికీ వైపు నుంచి ముఖం తిప్పుకుని, అరచేత్తో ఒక కన్ను మూసుకుని కూర్చుంటారు.

నొప్పి కంటే ముందే జబ్బు మొదలవుతుంది. కొందరికి ఒక రోజు ముందు నుంచే ఆవలింతలు ఆగవు, మెడ పట్టేస్తుంది, ఊరికే చిరాకు, తీపి తినాలనిపించడం. మా అమ్మాయి నాలుగుసార్లు వరసగా ఆవలిస్తే ఇంట్లో అందరం దాని ముఖం వంక చూస్తాం. క్లాసులో ఆవలించిన పిల్లను నిలబెట్టే ముందు ఇది గుర్తుంచుకోండి. మైగ్రేన్ ఉన్నవాళ్లలో సుమారు నాలుగో వంతు నుంచి మూడో వంతు మందికి నొప్పికి ముందు కళ్ల ఎదుట మెరుపు గీతలు, మాయమయ్యే అక్షరాలు కనిపిస్తాయి. దీన్నే ఆరా అంటారు. సాధారణంగా గంటలోపే పోతుంది. నొప్పి తగ్గాక కూడా ఒక రోజంతా ఒళ్లు పిండేసినట్టు, బుర్ర మొద్దుబారినట్టు ఉంటుంది. ఆ రోజు పెట్టిన టెస్ట్‌లో మార్కులు తగ్గితే అది చదవకపోవడం వల్ల కాదు.

కళ్ల ముందు ఆ గీతలు ఎందుకు వస్తాయో చెబితే మా పదో తరగతి పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. 1941లో కార్ల్ లాష్లీ అనే అమెరికా శాస్త్రవేత్త తనకు ఆరా వచ్చినప్పుడల్లా దాని బొమ్మ గీసుకుంటూ పోయి, మెదడు వెనక భాగంలో ఏదో నిమిషానికి 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతోందని లెక్కగట్టాడు. మూడేళ్లకు, 1944లో, బ్రెజిల్ నుంచి వచ్చి హార్వర్డ్‌లో పనిచేస్తున్న అరిస్టిడెస్ లియావో కుందేళ్ల మెదడు మీద అలాంటి అలనే కనుక్కున్నాడు. మెదడు ఉపరితలం మీద నరకణాలు ఒక్కసారిగా రేగి, తర్వాత మూగబోతూ, ఆ కదలిక పక్కకు పక్కకు పాకుతుంది. మా అమ్మాయి పుస్తకం మీద ఆ మెరుపు పాకింది ఇదే.

నొప్పి సంగతి వేరు. మెదడుకు స్వయంగా నొప్పి తెలియదు. దాని మీద కప్పి ఉన్న పొరలకు, మనం పాఠంలో వరాశిక అని చెప్పే పై పొరకు, అక్కడి రక్తనాళాలకు తెలుస్తుంది. ఆ కబురు మోసేది ట్రైజెమినల్ నాడి, కపాల నాడుల్లో అయిదోది. మైగ్రేన్ వచ్చినప్పుడు ఆ నాడి కొసల నుంచి సీజీఆర్‌పీ అనే పదార్థం విడుదలై నొప్పిని ఎగదోస్తుంది. ఈ సంగతిని కొన్ని దశాబ్దాల పాటు తవ్వి బయటపెట్టిన లార్స్ ఎడ్విన్సన్, పీటర్ గోడ్స్‌బీ, మైకేల్ మోస్కోవిట్జ్, యెస్ ఓలెసెన్‌లకు 2021లో బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు. సీజీఆర్‌పీని అడ్డుకునే ఇంజెక్షన్లు 2018 నుంచి వాడకంలోకి వచ్చాయి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మనసు బాగాలేక, చదువు ఇష్టం లేక వచ్చే నొప్పి కాదిది. ఒంట్లో కొలవగలిగే మార్పు జరుగుతోంది. మామూలు స్కానింగ్‌లో మాత్రం అది కనపడదు. "స్కాన్‌లో ఏమీ లేదన్నారుగా, ఇంకేంటి?" అని మా అమ్మాయిని ఒకరు అడిగారు. మైగ్రేన్‌ను డాక్టర్లు నిర్ధారించేది స్కాన్ చూసి కాదు, రోగి చెప్పింది విని. స్కాన్ వేరే జబ్బేదీ లేదని తేల్చుకోవడానికి మాత్రమే.

మేము కూడా నేరుగా సరైన చోటికి వెళ్లలేదు. ముందు సైట్ వచ్చిందేమోనని కళ్ల డాక్టర్ దగ్గరికి, తర్వాత సైనస్ అని చెవి ముక్కు డాక్టర్ దగ్గరికి. ఆ దారిలో తిరిగేవాళ్లు ఎంతమందో. అమెరికాలో తమకు సైనస్ తలనొప్పి ఉందనుకుంటున్న సుమారు 3,000 మందిని పరీక్షిస్తే 88 శాతం మందిది మైగ్రేన్ తరహా నొప్పేనని 2004లో తేలింది. వెలుతురు భరించలేకపోవడం కూడా కంటి జబ్బు కాదు. చూపు లేకపోయినా వెలుతురు ఉందో లేదో గ్రహించగలిగినవాళ్లకు మైగ్రేన్ వస్తే వాళ్లనీ వెలుతురు బాధపెడుతుంది.

ఇది ఎక్కడో ఒకరిద్దరికి వచ్చేదని కూడా అనుకోకండి. బెంగళూరు నిమ్‌హాన్స్ వాళ్లు కర్ణాటకలో 18 నుంచి 65 ఏళ్ల మధ్యవాళ్లను అడిగి చూస్తే ఏడాదిలో మైగ్రేన్ వచ్చినవాళ్లు నూటికి 25 మంది. చిన్నప్పుడు మగపిల్లలకూ ఆడపిల్లలకూ ఇంచుమించు సమానంగా ఉంటుంది. రజస్వల అయిన తర్వాత ఆడపిల్లల్లో పెరుగుతూ పోయి, పెద్దయ్యేసరికి మగవాళ్ల కంటే దాదాపు మూడు రెట్లవుతుంది. అంటే అది పెరిగే వయసూ, పిల్లలు మీ హాస్టళ్లలో ఉండే వయసూ ఒకటే.

ఇప్పుడు నేను ముఖ్యంగా మాట్లాడాలనుకున్నది, అది ఏం చేస్తే వస్తుందన్నది. మైగ్రేన్ వచ్చే గుణం పుట్టుకతో ఉంటుంది. మా ఇంట్లో మూడు తరాలుగా ఉంది. అది ఏ రోజు బయటపడుతుందనేది మాత్రం ఆ రోజు ఎలా గడిచిందన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను పిల్లలకు కుండ లెక్క చెబుతాను. ఒక్కొక్కరి తలలో ఒక కుండ ఉందనుకోండి. నిద్ర చాలకపోతే ఒక చెంబు నీళ్లు, టిఫిన్ మానేస్తే ఒక చెంబు, ఎండలో నిలబడితే ఇంకో చెంబు. కుండ నిండితే పొర్లుతుంది. ఒక్క చెంబు పోసిన రోజు ఏమీ కాదు. అందుకే "నిన్నా ఎండలోనే ఉన్నావుగా, నిన్న రాలేదేం?" అనే ప్రశ్నకు అర్థం లేదు.

ఈ లెక్కతో మీ టైమ్‌టేబుల్ ఒకసారి చూడండి. మా అమ్మాయి కాలేజీలో రాత్రి స్టడీ పదిన్నరకు ముగిసేది. పడుకునేసరికి పదకొండు దాటేది. పొద్దున నాలుగున్నరకు బెల్. అయిదున్నర గంటలు కూడా నిద్ర లేదు. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యుల సంఘాలు చెబుతున్నాయి. ఇక ఆదివారం రెండు గంటలు ఎక్కువ పడుకోనిస్తారు. మైగ్రేన్ ఉన్నవాళ్లకు అది కూడా ఇబ్బందే, ఎందుకంటే నిద్ర తగ్గినా వస్తుంది, ఒక్కసారిగా పెరిగినా వస్తుంది. ఏ రోజైనా ఒకే వేళకు పడుకుని ఒకే వేళకు లేవడం వాళ్లకు మందుతో సమానం.

నాలుగున్నరకు లేచిన పిల్లకు టిఫిన్ ఎనిమిదింటికి. రాత్రి ఏడున్నరకు తిన్న అన్నం తర్వాత పన్నెండు గంటలు దాటాక. నాకు కార్తీక సోమవారం ఉపవాసం ఉంటే సాయంత్రం నక్షత్రం కనపడేలోపే కణతలు మొదలయ్యేవి. డాక్టర్ చెప్పాక ఆ ఉపవాసాలు మానేశాను. చాక్లెట్ తింటే వస్తుంది, జున్ను తింటే వస్తుంది అని పెద్ద పెద్ద జాబితాలు తిరుగుతుంటాయి. అవి కొందరికి నిజం కావచ్చు, కానీ నేను చూసినంతలో తిన్నదాని కంటే తినకపోవడమే ఎక్కువమందిని పడగొడుతుంది. చాక్లెట్ విషయంలో ఇంకో మెలిక ఉంది. నొప్పికి ముందు రోజు తీపి మీద మనసు పోవడం జబ్బు లక్షణమే కదా. ఆ రోజు చాక్లెట్ తిని, మర్నాడు నొప్పి వస్తే చాక్లెట్ వల్లే వచ్చిందనుకుంటాం. వేళకు తిండి పెట్టడం మాత్రం ఎవరికీ చెడు చెయ్యదు. పొద్దున స్టడీ అవర్‌కు ముందు రెండు బిస్కెట్లు, ఒక అరటిపండు, గ్లాసు పాలు ఇస్తే చాలు.

నీళ్లు తాగరు ఈ పిల్లలు. బాత్‌రూమ్‌ల దగ్గర క్యూ ఉంటుందని, మధ్యలో లేస్తే తిడతారని సీసా తెచ్చుకుని కూడా తాగరు. మార్చిలో ఇంటర్ పరీక్షలు, మేలో ఎంట్రన్సులు. విజయవాడ మే నెల ఎండ సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. రాత్రి స్టడీలో నిద్రాపుకోవడానికి కప్పుల కొద్దీ టీ తాగి, సెలవులకు ఇంటికొచ్చి హఠాత్తుగా మానేసినా నొప్పి వస్తుంది.

తలంటు సంగతి వింటే నవ్వొచ్చు కానీ అది నిజం. ముంబయికి చెందిన తలనొప్పి నిపుణుడు కె. రవిశంకర్ తలస్నానం చేస్తే మైగ్రేన్ వస్తోందన్న 94 మంది భారతీయుల గురించి 2006లో ఒక వైద్య పత్రికలో రాశారు. మన ఆడపిల్లల పొడుగాటి జుట్టు, తడి తల, అదీ ఆదివారం పొద్దున అందరూ ఒకేసారి స్నానాలకు ఎగబడి, ఆరకముందే బిగించి జడ వేసుకుని క్లాసుకు పరిగెత్తడం గుర్తు చేసుకోండి. రెండు జడలు, రిబ్బన్లు గట్టిగా ఉండాలన్న రూల్ ఉన్న చోట్ల నాదొక మనవి. తలనొప్పి అన్న పిల్లకు ఆ రోజు జడ వదులుగా వేసుకోనివ్వండి. లాగి కట్టిన జుట్టుకే తలనొప్పి వచ్చేవాళ్లున్నారు.

నెలసరి గురించి దాపరికం లేకుండా రాస్తాను, ఎందుకంటే మగవార్డెన్లు, మగ ప్రిన్సిపాళ్లు కూడా ఇది చదవాలి. నెలసరికి ముందు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పడిపోతుంది. చాలామంది ఆడపిల్లలకు సరిగ్గా ఆ రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు దాకా మైగ్రేన్ వచ్చే అవకాశం ఎక్కువ. ప్రతి నెలా అదే సమయానికి వస్తోంది కాబట్టి అబద్ధం అనుకునేవాళ్లను చూశాను. ప్రతి నెలా వస్తోందంటేనే అది నిజమని అర్థం.

టెన్షన్ పెరిగినప్పుడు వస్తుందని అందరికీ తెలుసు. తగ్గినప్పుడు కూడా వస్తుందని తెలిసినవాళ్లు తక్కువ. పెద్ద ఒత్తిడి దిగిపోయిన తర్వాతి కొన్ని గంటల్లో మైగ్రేన్ రావడం డాక్టర్లు గమనించిన విషయమే. టెస్ట్ అయిపోయిన సాయంత్రం, ఔటింగ్ ఇచ్చిన రోజు, ఇంటికి బయల్దేరిన బస్సులో. మా అమ్మాయి దసరా సెలవుల మొదటి రోజు ఎప్పుడూ మంచం మీదే గడిపేది. చదువు తప్పించుకోవడానికే తలనొప్పి తెచ్చుకుంటే, సెలవు రోజున ఎందుకు తెచ్చుకుంటుంది చెప్పండి?

ఇవన్నీ మీరు ఒక్కరోజులో మార్చలేరని నాకు తెలుసు. నిద్ర వేళలు, ర్యాంకుల పోటీ యాజమాన్యాల చేతిలో ఉన్నాయి, తల్లిదండ్రులమైన మా ఆశల్లోనూ ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఈ రాత్రి నుంచే మార్చవచ్చు. మొదటి అరగంట.

మైగ్రేన్‌లో మాత్ర ఎప్పుడు వేసుకున్నారన్నది ఏ మాత్ర అన్నదానితో సమానంగా లెక్కలోకి వస్తుంది. నొప్పి మొదలైన కాసేపటికి కడుపు తన పని నెమ్మదిస్తుంది. మింగిన మాత్ర అక్కడే ఉండిపోయి రక్తంలోకి సరిగా ఎక్కదు. ఇంకొన్ని గంటలు గడిస్తే నొప్పి దారిలోని నరాలు రేగిపోయి, దువ్వెన తగిలినా, దిండు ఒత్తినా నొప్పిగా ఉంటుంది. ఆ స్థితికి వచ్చాక మంచి మందు కూడా సగమే పనిచేస్తుంది. "జుట్టు ముట్టుకోవద్దు" అని మా అమ్మాయి అన్నది అప్పుడే. ఆరింటికి వేసుకోవలసిన మాత్ర తొమ్మింబావుకు అందడం వల్ల రెండు గంటల్లో పోయే నొప్పి రెండు రోజులు నిలిచింది.

పిల్లల చేతిలో మాత్రలు ఉంచకూడదన్న మీ రూల్ వెనక భయం నాకు అర్థమవుతుంది. హాస్టళ్లలో జరిగిన విషాదాలు మనందరికీ తెలుసు. డబ్బా మొత్తం ఇవ్వమని అడగడం లేదు. డాక్టర్ చీటీ ఉన్న పిల్లకు ఒక పూటకు సరిపడా మాత్ర పెన్సిల్ బాక్స్‌లో ఉంచుకోనివ్వండి. అదీ కుదరకపోతే, రాత్రీ పగలూ అంతస్తులోనే ఉండే ఇన్‌చార్జి దగ్గర ఉంచండి. తాళం ఒకరి దగ్గర, పిల్ల ఇంకొకరి దగ్గర ఉండకూడదు. పిల్లలు తోచిన నొప్పి మాత్ర కొనుక్కుని ఒకరికొకరు పంచుకోవడం కూడా మీరు చూడాలి. మామూలు నొప్పి మాత్రలే నెలకు 15 రోజులు, ఆ పైన, మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రల వల్లే రోజూ తలనొప్పి వచ్చే స్థితి వస్తుంది. ఆస్పిరిన్ చిన్న వయసు పిల్లలకు డాక్టర్ చెప్పకుండా అసలు ఇవ్వకూడదు. నెలలో నాలుగైదు సార్లు మాత్ర అడిగే పిల్ల ఉంటే ఇంటికి కబురు చేసి న్యూరాలజిస్ట్‌కు చూపించమనండి.

రోజూ వేసుకునే మందులతోనే అంతా సర్దుకుంటుందని మాత్రం అనుకోకండి. అమెరికాలో 8 నుంచి 17 ఏళ్ల పిల్లల మీద చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. నొప్పి వచ్చే రోజులు సగానికి తగ్గినవాళ్లు అమిట్రిప్టిలిన్ వేసుకున్నవాళ్లలో 52 శాతం, టోపిరమేట్ వేసుకున్నవాళ్లలో 55 శాతం, మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 61 శాతం. మందులు పనికిరావని నేను అనను. కొందరికి అవసరమే, మా అమ్మాయీ కొన్ని నెలలు వాడింది. కానీ ఈ అంకెలు చూశాక నాకు గట్టిగా అనిపించింది, పిల్లల విషయంలో వేళకు నిద్ర, వేళకు తిండి, పక్కన నమ్మే మనిషి అనే మూడింటి మీద మనం ఇంకా చాలా శ్రద్ధ పెట్టాలని.

మా నాన్న కాలం నుంచి ఇంట్లో అమృతాంజనం సీసా ఉండేది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆ పచ్చ బామ్ ఎంతమంది తెలుగువాళ్ల నుదుళ్లకు ఊరటనిచ్చిందో. మా అమ్మ మాత్రం శొంఠి అరగదీసి పట్టు వేసి, తలకు చీర చెంగు బిగించి కట్టుకునేది. ఇవి తప్పని నేను అనను. కానీ మైగ్రేన్ ఉన్నవాళ్లలో కొందరికి ఘాటు వాసనే పడదు. హాలు నిండా రూమ్ ఫ్రెషనర్ కొట్టినా, పక్క మంచం పిల్ల బామ్ దట్టంగా రాసుకున్నా ఎక్కువవుతుంది. అడిగి రాయండి. వద్దంటే ఊరుకోండి.

ఒక్క విషయంలో మాత్రం మైగ్రేనేలే అని ఊరుకోకూడదు. పిడుగు పడ్డట్టు ఒక్కసారిగా, జీవితంలో ఎన్నడూ లేనంత తీవ్రంగా నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, తలకు దెబ్బ తగిలిన తర్వాత వచ్చినా, మాట తడబడినా, కాలో చెయ్యో పట్టు తప్పినా, ఫిట్స్ వచ్చినా, పిల్ల మగతలో ఉండి సరిగా పలకకపోయినా గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. రోజురోజుకూ పెరుగుతున్న తలనొప్పి, తెల్లవారుజామున నిద్రలేపి వాంతి చేయించే కొత్త తలనొప్పి కూడా డాక్టర్ చూడాల్సినవే. తల్లిదండ్రులకు ఫోన్ చెయ్యడం బండి ఎక్కాక కూడా చెయ్యొచ్చు.

సెకండియర్‌లో మా అమ్మాయి ఉన్న అంతస్తుకు కొత్త ఇన్‌చార్జి వచ్చింది. పాతికేళ్ల అమ్మాయి, పిల్లలు అక్కా అని పిలిచేవారు. చేరిన వారానికే నేను వెళ్లి పైన రాసినదంతా కూర్చోబెట్టి చెప్పాను. ఆమె నోట్‌బుక్ తీసి రాసుకుంది. అదనపు పరుపులు పెట్టే చిన్న గది ఉంటే, దాని కిటికీకి పాత దుప్పటి కట్టించింది. ఒక బకెట్, నీళ్ల సీసా, ఒక చాప. అంతకంటే ఏమీ లేదు. జనవరిలో ఒక పొద్దున ఆరుంబావుకు మా అమ్మాయి వెళ్లి "అక్కా, గీతలు కనిపిస్తున్నాయి" అంది. మాత్ర వేసి, రెండు బిస్కెట్లు తినిపించి ఆ గదిలో పడుకోబెట్టింది. ఎనిమిదిన్నరకు లేచింది. ఇడ్లీ తిని తొమ్మిదింటి జువాలజీ క్లాసుకు వెళ్లింది. ఆ ఏడాది మొత్తంలో మైగ్రేన్ వల్ల పోయినవి నాలుగు పూటలు. ముందు ఏడాది ఆ ఒక్క సెప్టెంబరు నెలలోనే అయిదు రోజులు పోయాయి. ఆ గదిని తర్వాత ఇంకో ఇద్దరు పిల్లలు కూడా వాడుకున్నారని విన్నాను. వాళ్లు అంతకుముందు ఎవరికీ చెప్పుకోలేదట.

మీ అడ్మిషన్ ఫారంలో రక్తం గ్రూపు అడుగుతారు, పుట్టుమచ్చలు అడుగుతారు. ఈ జూన్ ఫారంలో ఇంకో నాలుగు గళ్లు పెట్టండి. మైగ్రేన్ ఉందా, ముందుగా ఏం కనిపిస్తుంది, ఏ మాత్ర, ఏ డాక్టర్ రాశారు. ఆ కాగితం ఆఫీసు ఫైల్లో ఉంచకుండా, పిల్ల ఉండే అంతస్తు ఇన్‌చార్జి చేతికి ఇవ్వండి. మీ సిబ్బందికి ఈ సంగతులు చెప్పడానికి ఒక గంట కేటాయిస్తే, పల్నాడు, గుంటూరు, ఎన్టీఆర్ జిల్లాల్లో ఎక్కడికైనా ఆదివారం పూట నేను సొంత ఖర్చులతో వస్తాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి, బయాలజీ టీచర్
పల్నాడు జిల్లా